మట్టి వదిలే చెయ్యి

"మట్టి మొయ్యడం కూడా ఒకళ్ళు నేర్పాల్సిన విద్యేనా?" అని మా అత్తయ్య పకపకా నవ్వింది.

నవ్వదా మరి! ముప్ఫై ఒక్క ఏళ్ళు పెద్ద తోటలో మళ్ళు చేసి పదవీ విరమణ చేసిన మనిషి. నారు తీయడం, మడి చదును చేయడం, లేత మొక్క మొదట్లోకి మట్టి ఎగదోయడం ఆమెకు తల దువ్వుకోవడమంత తేలిక. నేనేమో చదువుకున్న దాన్ని, పదకొండేళ్ళుగా యంత్రాలకు కదలికలు నేర్పే ఉద్యోగంలో ఉన్నదాన్ని, ఆమె ముందు కూర్చుని, "మా రోబోలకు మట్టి మొయ్యడం నేర్పాలి, రారూ" అని బతిమాలుతున్నాను.

మా రోబోలు నాలుగు. ఒక్కొక్కటి చెప్పుల పెట్టెంత ఉంటుంది. కింద రెండు పట్టాలు, ముందు పెద్ద గరిటెలాంటి చెయ్యి. మట్టి ఎత్తడం వాటికి వచ్చు, మోయడం వచ్చు. మొక్క దగ్గరికి తీసుకెళ్ళి దాని నెత్తిన దభీమని కుమ్మరించడం మరీ బాగా వచ్చు. మూడు మొక్కలకు ఒకటి విరిగిపోయేది. మా లెక్కల ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ సంగతి మొక్కలకే తెలియదు.

"పద్దెనిమిది వారాలు," అన్నారు మా పెద్దసారు. "పూలు వచ్చేటప్పటికి తోటల శాఖ వాళ్ళు చూడ్డానికొస్తారు. అప్పటికీ ఇవి మొక్కల్ని తొక్కుతూ ఉంటే గది ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చెయ్యండి."

పదేళ్ళు ఇంకొకళ్ళ పేరు కింద పనిచేశాక మొదటిసారి నా పేరు మీద వచ్చిన గది అది. అద్దాల గోడల వెనక చెక్కలతో కట్టిన ఆరు మళ్ళు, ఒక నీళ్ళ కుళాయి, రెండు బల్లలు. దాన్ని పోగొట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు.

అప్పటికి పన్నెండేళ్ళుగా అత్తయ్యా నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. మా మధ్య గొడవలు లేవు. అలాగని ముచ్చట్లూ లేవు. "పాలు అయిపోయాయి," "వాడు ఇంకా రాలేదా," "వాన వచ్చేట్టుంది, బట్టలు తియ్యి." అంతే. నేనామెను ఏదీ అడిగి ఎరగను. అందుకే కాబోలు, నవ్వడం అయిపోయాక, "ఎన్నింటికి బయల్దేరాలి?" అంది.

మొదటిరోజు ఆమె కుడిచేతికి సన్నటి తీగలున్న తొడుగు తొడిగాను. వేళ్ళు ఎలా కదిలితే అలా కంప్యూటరులో గీతలు పడతాయి, ఆ గీతల్ని చూసి రోబోలు నేర్చుకుంటాయి అని చెప్పాను.

"షాకు కొట్టదు కదా?"

"కొట్టదు అత్తయ్యా."

"కొడితే మీ ఆయనకి నువ్వే చెప్పుకోవాలి."

ఆమె వెంటనే పని మొదలుపెట్టలేదు. మడి గట్టు మీద కూర్చుని అరగంటసేపు నాలుగు రోబోలూ చేసే నిర్వాకం చూసింది. తర్వాత వాటికి పేర్లు పెట్టింది. గరిట పట్టనంత మట్టి ఎత్తి దారంతా ఒలకబోసేది తిండిపోతు. మనం చూస్తున్నప్పుడు మాత్రమే బాగా చేసినట్టు కనిపించేది నంగనాచి. అన్నిటికంటే ముందు వెళ్ళి అన్నిటికంటే ఎక్కువ పాడుచేసేది తొందరోడు. మిగిలినదానికి వేరే పేరు దొరకక మొద్దు.

"అమ్మాయ్, ఇవి మట్టిని పోస్తున్నాయి. పొయ్యకూడదు, వదలాలి."

"రెండూ ఒకటే కదా అత్తయ్యా?"

"ఒకటే అయితే నీ మొక్కలెందుకు చచ్చాయి?"

గుప్పెట్లోకి మట్టి తీసుకుంది. నొక్కి ముద్ద చేసి, బొటనవేలితో పొడిచింది. ముద్ద పొడిపొడిగా విడిపోయింది. "పదునుంది, తడి సరిపోయింది," అంది. అప్పుడు గుప్పెడు మట్టి ఒక మొక్క పక్కకు తీసుకెళ్ళి, చిటికెనవేలు ముందు తెరిచి, తర్వాత దాని పక్కది, తర్వాత నడిమిది, అలా ఒక్కొక్క వేలే వదులుతూ వచ్చింది. మట్టి జారి మొక్క మొదలు చుట్టూ దానంతటదే సర్దుకుంది. ఆకు కూడా కదల్లేదు. కంప్యూటరులో ఆ కదలిక నున్నటి వాలులా గీత పడింది. నా వృత్తిలో అంత అందమైన గీత చూడలేదు.

అలా మొదలైంది. రోజూ ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం, ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. బస్సులో ఆమె మాట్లాడేది. తోటలో తొలిరోజుల్లో తనను ఏడిపించిన మేస్త్రి గురించి, మామయ్య చనిపోయిన ఏడాది ఏ మొక్కా నాటబుద్ధి కాక వట్టి మళ్ళకే నీళ్ళు పెట్టిన సంగతి, మా ఆయన చిన్నప్పుడు మట్టి తిని కడుపునొప్పి తెచ్చుకుని డాక్టరుకు మాత్రం "ఏం తినలేదు" అని చెప్పిన సంగతి. పన్నెండేళ్ళ మాటలు పన్నెండు వారాల్లో చెప్పెయ్యాలన్నట్టు చెప్పేది. లిఫ్టులు బాగుచేసే మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, వంటింట్లో మేమిద్దరం నవ్వుకుంటుంటే గుమ్మంలోనే నిలబడిపోయేవాడు. "ఇది మా ఇల్లేనా?" అనేవాడు.

రోబోలు కూడా దారిన పడ్డాయి. ఏడోవారం వచ్చేసరికి పది మొక్కల్లో తొమ్మిది బతుకుతున్నాయి. తొందరోడు నిదానించాడు. తిండిపోతు కొలత నేర్చుకున్నాడు. పెద్దసారు రెండుసార్లు వచ్చి, ఏమీ అనకుండా వెళ్ళారు. ఆయన ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడం.

పదకొండోవారంలో మొద్దు ఒకే పూట ఆరు మొక్కలు విరిచేసింది.

మట్టిని మొక్క దాకా తీసుకెళ్ళి గరిట వంచకుండా ఒక్క క్షణం ఆగిపోతోంది. తర్వాత ఉలిక్కిపడ్డట్టు ఒక్క కుదుపుతో వదిలేస్తోంది. పళ్ళచక్రాలు అరిగాయేమోనని విప్పి చూశాను. బాగానే ఉన్నాయి. మర్నాటికి మిగతా మూడూ అదే పని మొదలుపెట్టాయి. తొడుగులో తీగ తెగిందేమోనని కొత్త తొడుగు ఇచ్చాను. మార్పు లేదు. అప్పుడు కూర్చుని అత్తయ్య మొదటివారం గీతల్ని తీసి, ఆ వారం గీతల మీద పరిచాను.

నున్నటి వాలు లేదు. ముందు ఒక మెట్టులా బల్లపరుపు గీత, ఆ తర్వాత ఒక్కసారిగా కిందికి. తెరవాలనుకోవడానికీ వేళ్ళు తెరుచుకోవడానికీ మధ్య జాగు. రెప్పపాటంతే. చిటికెనవేలికి, దాని పక్కవేలికి మరీ ఎక్కువ. వెనక్కి వారం వారం చూసుకుంటూ పోయాను. ఆ మెట్టు వారానికింత పెరుగుతూ వచ్చింది.

రోబోల తప్పేమీ లేదు. అవి చెప్పినట్టే నేర్చుకున్నాయి.

అద్దం అవతల అత్తయ్య మొద్దును తిడుతోంది. "నిన్నటిదాకా బంగారంలా చేశావు, ఇవాళేం మాయరోగం వచ్చిందిరా నీకు?"

నేను లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని చూడాల్సింది. చూడలేదు. ఏడువారాలు మిగిలి ఉన్నాయి. వయసు అనుకున్నాను. అలసట అనుకున్నాను. రోజంతా గట్టు మీద వంగి కూర్చునే మనిషికి వేళ్ళు పట్టెయ్యవా అనుకున్నాను. అనుకుంటూనే ఒక చిన్న దిద్దుబాటు రాశాను. జాగు ఎక్కడుంటే అక్కడ కత్తిరించి, రెండు కొసలనూ నున్నగా అతికేది. అరపూట పట్టింది. ఇలాంటివాటికి ఏదో ఒక పేరు పెట్టాలి. 'శుభ్రం' అని పెట్టాను.

మర్నాడు నాలుగు రోబోలూ మళ్ళీ బంగారంలా చేశాయి. "చూశావా, తిడితే గానీ మాట వినరు," అంది అత్తయ్య.

ఆ సాయంత్రం బస్సులో చెబుదామనే అనుకున్నాను. సీట్లు లేక నిలబడ్డాం. బస్సు మలుపు తిరిగినప్పుడు కడ్డీ మీద పట్టు జారి ఆమె నామీద పడింది. "చలికి చేతులు మొద్దుబారాయమ్మాయ్," అంది. అంత చలేమీ లేదు. నేను నోరు తెరిచాను.

"అత్తయ్యా, రేపట్నుంచి ఇంకో అరగంట ముందు వెళ్దామా?"

"వెళ్దాం," అంది.

ఆ తర్వాత ఇంట్లో ఒక గాజుగ్లాసు పగిలింది. మరో వారానికి ఇంకొకటి. మా ఆయన గాజుముక్కలు ఊడుస్తూ, "అమ్మా, ఏమైంది నీ చేతులకి?" అన్నాడు.

"సబ్బు జారింది. నీ చేతిలోంచి ఎప్పుడూ ఏదీ పడలేదా?"

అతను నావైపు తిరిగాడు. "అక్కడ అమ్మచేత ఎక్కువ పని చేయిస్తున్నావా?"

"లేదు," అన్నాను. అది అబద్ధం కాదు. పని ఎక్కువేమీ లేదు. నన్ను అడగాల్సిన ప్రశ్న అది కాదు, అంతే. అడగాల్సిన ప్రశ్న ఏమిటో అతనికి తెలియదు, నాకు తెలుసు.

'శుభ్రం' కత్తెరను ఆ ఆరువారాల్లో నాలుగుసార్లు పెద్దది చేయాల్సి వచ్చింది.

పదిహేడోవారం ఆఖర్న తోటల శాఖ వాళ్ళు పదిమంది వచ్చారు. పూలు విచ్చిన మళ్ళ మధ్య కొత్తగా నారు నాటిన మడి ఒకటి సిద్ధంగా ఉంచాం. నాలుగు రోబోలూ బారుగా దిగి, మట్టి ఎత్తి, నలభై మొక్కలకు ఎగదోశాయి. ఒక్క ఆకు నలగలేదు. పెద్దసారు మొహం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఊపారు. నేను అత్తయ్యను ముందుకు పిలిచి, "ఇవన్నీ మా అత్తయ్య నేర్పినవే," అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆమె చీపురు కట్టలా బిగుసుకుని నిలబడింది గానీ కళ్ళు మెరుస్తున్నాయి.

వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ మంచి మనసుతోనే అడిగింది. "అయితే మీ చేత్తో ఒక్కసారి చేసి చూపించండమ్మా. గురువుగారి పని కూడా చూడాలి కదా."

నేను అడ్డుపడొచ్చు. టైము లేదనొచ్చు. ఏదైనా అనొచ్చు. అనలేదు.

అత్తయ్య మడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గుప్పెడు మట్టి తీసింది. మొక్క దగ్గరికి తీసుకెళ్ళింది. చెయ్యి తెరుచుకోలేదు. పదిమందీ చూస్తున్నారు. ఆమె తన గుప్పెటవైపు చూసుకుంది, మూసిన తలుపు కొట్టి ఎవరైనా తీస్తారేమోనని చూసే మనిషిలా. తర్వాత వేళ్ళన్నీ ఒక్కసారే విడిపోయి మట్టి దభీమని పడింది. మొక్క నడుము దగ్గర విరిగింది.

తర్వాత ఎవరో, "శిష్యులు గురువును మించిపోయారండీ!" అన్నారు. అందరూ నవ్వారు. అత్తయ్య కూడా నవ్వింది. విరిగిన మొక్కను పీకి పనికోటు జేబులో పెట్టుకుని లేచింది. లేవడానికి గట్టును రెండు చేతులతో పట్టుకుంది.

నాకూ నవ్వక తప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత ఇంటి మెట్ల మీద కాలు తడబడి పడింది. అప్పుడు వెళ్ళాం డాక్టరు దగ్గరికి.

డాక్టరమ్మ మోకాలి దెబ్బ చూసి, ఎందుకో ఆగి, "అమ్మా, గుప్పెట మూసి తెరవండి. ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా," అంది. గడియారం చూస్తూ లెక్కపెట్టింది. "పది సెకన్లలో ఇరవైసార్లు రావాలి. ఎనిమిది వచ్చాయి."

మెడకు స్కాన్లు తీశారు. మెడ ఎముకలు అరిగి వెన్నుపామును నొక్కుతున్నాయట. చేతులూ కాళ్ళూ రెండూ అందుకే. ఆపరేషన్ చెయ్యాలి, వెంటనే. "ఇంకా ముదరకుండా ఆపుతాం. పోయిన పట్టు తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను. ఎప్పట్నుంచి ఉంది ఇలా?"

"ఈ నెలలోనే అనుకుంటానండీ," అన్నాడు మా ఆయన.

అత్తయ్య కిటికీలోంచి బయటకు చూస్తోంది.

ఏ వారం, ఏ రోజు, ఏ వేలు ముందు, ఎంత జాగు. అన్నీ నా దగ్గరున్నాయి. ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అనుకున్నాను. చెప్పలేదు. నడవలో మాత్రం డాక్టరమ్మను ఒంటరిగా పట్టుకుని అడిగాను, ఆరువారాలు ముందు వచ్చి ఉంటే తేడా ఉండేదా అని. "ఉండొచ్చు. ఉండకపోనూ వచ్చు. దీంట్లో ఎంత ముందైతే అంత మంచిది, అంతవరకే చెప్పగలను."

అందులో ఏదో ఒకటి ఖాయంగా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. కాళ్ళు కుదుటపడ్డాయి. ఎడంచెయ్యి కొంత నయం. కుడిచెయ్యి మాత్రం అక్కడే ఆగిపోయింది. ఈలోగా మా రోబోల్ని మూడు తోటలకు తీసుకున్నారు. గది నాకే ఉండిపోయింది. తలుపు మీద నా పేరు రాయించారు. ఆ పేరు చూసుకుంటూ తాళం తియ్యడం నాకు రోజూ ఓ పరీక్ష.

ఇంట్లో అత్తయ్య కసరత్తులు చేసేది. ఒక గిన్నెలో చిక్కుడుగింజలు పోసుకుని ఒక్కొక్కటే ఏరి రెండో గిన్నెలో వెయ్యాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన బజారుకు వెళ్ళాడు. ఆమె గింజలు ఏరుతోంది. నాలుగు పట్టుకుంటే మూడు కింద పడుతున్నాయి. నేను వంగి వాటిని ఏరుతున్నాను. బల్ల కింద ఉండగానే, మొహం కనబడదు కదా అనే పిరికితనంతో, చెప్పేశాను.

"అత్తయ్యా, మీ చెయ్యి సంగతి నాకు ముందే తెలుసు."

పైన గింజల చప్పుడు ఆగింది. "ఎంత ముందు?"

"పదకొండోవారం. గీతల్లో కనిపించింది. రోబోలు చెడిపోతున్నాయని ఆ ముక్క కత్తిరించేశాను. మీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు."

నేను పైకి లేచి కుర్చీలో కూర్చున్నాను.

"కత్తిరించాక ఎలా ఉంది?" అంది.

"ఏది?"

"నా చెయ్యి. ఆ గీతల్లో."

"బాగుంది అత్తయ్యా. ముందులాగే ఉంది."

తల ఊపింది. ఒక గింజ పట్టుకోబోయి మానేసింది.

"నాకు తొమ్మిదోవారంలోనే తెలుసు," అంది. "పొద్దున్నే జుట్టు ముడి వేసుకోబోతే వేళ్ళు మాట వినలేదు. చెబితే నువ్వు పని ఆపేస్తావు. ఆపితే నీ గది పోతుంది. పన్నెండేళ్ళలో నువ్వు నన్నడిగిన మొదటి సాయం, దాన్ని మధ్యలో ఎలా వదిలిపెట్టను? ఓ రెండు నెలలు ఓర్చుకుంటే పోలా అనుకున్నాను."

నేను కళ్ళు తుడుచుకున్నాను.

"ఏడవకు. నేనింకా పూర్తిచెయ్యలేదు," అంది. గొంతులో కోపం లేదు. ఎండిపోయిన మడి చూసి, దీనికి నీళ్ళెవరూ పెట్టలేదన్నమాట అనుకునే గొంతు అది. "నేను నీకోసం దాచాను. నువ్వూ నీకోసమే దాచావు. ఇద్దరం నీవైపే ఉన్నాం. నావైపు ఎవరూ లేకపోయారు, చూశావా."

ఏరిన గింజల్ని ఆమె గిన్నెలో వేశాను.

"వాడికి నువ్వే చెప్పు," అంది గిన్నె దగ్గరకు లాక్కుంటూ. "నేను చెబితే నిన్ను వెనకేసుకొస్తున్నాననుకుంటాడు. అంత ఓపిక నాకు లేదు."

బజారు సంచి ఇంకా చేతిలో ఉండగానే చెప్పాను. అతను అరవలేదు. "ఆరువారాలా?" అన్నాడు. "ఆరువారాలు," అన్నాను. సంచి బల్ల మీద పెట్టి, సరుకులన్నీ తీసి, ఒక్కొక్కటే అలమారలో సర్దాడు. ఆ తర్వాత ఆస్పత్రికి అమ్మను అతనే తీసుకెళ్ళేవాడు. ఏ రోజు వెళ్తారో నాకు చెప్పేవాడు కాదు. ఇంట్లో మాటలు మళ్ళీ పాలు, బట్టలు, వాన దగ్గరికి వచ్చేశాయి. అది నాకు తక్కువ శిక్షేనని నాకు తెలుసు.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున అతనికి ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని కబురొచ్చి, పరుగున వెళ్ళిపోయాడు. నేను పనికి బయల్దేరబోతున్నాను. అత్తయ్య నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒంటి మీద ఉన్ని కోటు ఉంది, గుండీలు పెట్టుకోలేదు.

"ఇవాళ డాక్టరు రమ్మంది. వాడు లేడు. నువ్వు రావాలి."

"వస్తాను అత్తయ్యా."

"ముందు ఇవి పెట్టు."

ఆమె ఎదురుగా నిలబడి కిందనుంచి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ వచ్చాను. ఆమె నా మొహం వైపు కాకుండా నా వేళ్ళవైపు చూస్తోంది. మెడ దగ్గరి గుండీకి వచ్చేసరికి ఆపరేషన్ మచ్చ గుర్తొచ్చి ఆగాను.

"బిగుతుగా ఉందా?"

"ఉంటే చెబుతాను," అంది. "నువ్వూ చెబుతూ ఉండు."

చెబుతానన్నాను. బస్సు టైమైపోతోందని ఆమే ముందు మెట్లు దిగింది.